నూట నలభై ఒకటో పెట్టె

మా మామయ్యకు కూర్చోవడం చేతకాదు. అన్నం నిలబడి తింటాడు, పేపరు నడుస్తూ చదువుతాడు, మా ఇంటికొస్తే గుమ్మానికి ఇవతల ఒక కాలు, అవతల ఒక కాలు. "కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేంట్రా, ఒక్క నిమిషం కూర్చో" అని మా అమ్మ ఎన్నేళ్ళుగానో అంటోంది. "ఇదిగో కూర్చుంటున్నానక్కా" అంటాడు. కుర్చీ వీపు పట్టుకుంటాడు, అటూ ఇటూ ఊపి చూస్తాడు, దీని కాలు వదులైందంటాడు, సుత్తి కోసం వెళ్ళిపోతాడు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుని ఉంటే ఆ మహాతల్లి కూడా నిలబడే తినాల్సి వచ్చేదని అమ్మ తీర్పు.

నేను ఆయన మేనకోడల్ని. బజారు వీధిలో కుట్టు దుకాణం నడుపుతాను. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో పేరు. అబద్ధమేమీ కాదు. ఇది చెబుతుంటే కూడా మధ్యమధ్య వస్తుంది, సర్దుకోండి.

మామయ్య ఉద్యోగం రాళ్ళకు కాపలా. నవ్వకండి, నిజంగా అదే. మా ఊరికి పడమటగా ఒక పొడుగాటి కొండ ఉంది. దాని మీద ఏడెనిమిది చోట్ల బండలకు చిలకపచ్చ మరకలు ఉంటాయి. రాగి చెంబు తోమకుండా వదిలేస్తే చిలుము పట్టదూ, అదే ఇది. ఆ మరక ఉందంటే కింద ఎక్కడో రాగి ఉందని అర్థం. ఎంత ఉంది, ఎటు దిగింది అన్నది మాత్రం మరక చెప్పదు. ముప్ఫై మూడేళ్ళ క్రితం ఒక కంపెనీ వచ్చి, రెండేళ్ళు ఉండి, తొమ్మిది బోర్లు వేసి, తాళం వేసి పోయింది. అది గని కాదు. గని అవుతుందేమోనని చూసి, కాదనుకుని వదిలేసిన చోటు. ఊళ్ళో వాళ్ళు మాత్రం గని అనే అంటారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమని సామెత ఉంది కదా, వీళ్ళకు ఆ ఎలుక కూడా దొరకలేదు.

బోరంటే నీళ్ళ బోరు కాదు. అంచుకు వజ్రపు పళ్ళున్న బోలు గొట్టం రాతిని గుండ్రంగా కోసుకుంటూ దిగుతుంది. లోపల మిగిలిన రాయి మణికట్టంత లావు కడ్డీలుగా పైకి వస్తుంది. వాటిని పొడవాటి చెక్క పెట్టెల్లో, ఏ లోతు తర్వాత ఏ లోతో ఆ వరసలోనే పేరుస్తారు. అలాంటివి మూడు వందల ఎనభై ఎనిమిది పెట్టెలు. కొండ మొదట్లో రేకుల షెడ్డులో, ఇనప అరల మీద. కంపెనీ పేరు నాలుగుసార్లు మారింది, పెట్టెలు కదల్లేదు, మామయ్యా కదల్లేదు. చెదపురుగులు తిన్న పెట్టెలు మారుస్తాడు, చెరిగిన అంకెలు దిద్దుతాడు, మూడు నాలుగేళ్ళకోసారి ఎవరో జియాలజిస్టు వస్తే నీళ్ళ సీసా పట్టుకుని వెనక తిరుగుతాడు. రాయి తడిస్తేనే దాని పొరలు సరిగ్గా కనిపిస్తాయి.

ఆ తొమ్మిది బోర్లూ వేసిన డ్రిల్లరు మా నాన్న. మామయ్య ఆయన కింద పనిచేసేవాడు. గొట్టంలోంచి కడ్డీ తీసి, గుర్తులు పెట్టి, పెట్టెలో పేర్చడం ఆయన వంతు. నాన్న అప్పట్లో చాలా పేరున్న డ్రిల్లరు. రాయి మెత్తబడిందో గట్టిపడిందో రిగ్గు చప్పుడు విని చెప్పేవాడట. ఆయన తీసిన కడ్డీలు బారెడేసి పొడవున విరక్కుండా వచ్చేవట. ఇప్పుడు మా ఇంటి ముందుగదిలో పంపు మోటార్లు బాగుచేస్తాడు.

ఎందుకంటే, మొదటి మూడు బోర్లలో ఏమీ పడలేదు. నాలుగోదాన్ని తూర్పు నుంచి పడమటికి ఏటవాలుగా వేస్తే నూట పన్నెండు మీటర్ల దగ్గర రాగి పడింది. తెల్లటి పలుగురాయిలో ఇత్తడిలా మెరిసే పట్టీ, మూరెడు మందం. అందరూ పండగ చేసుకున్నారు. అప్పటి పెద్ద జియాలజిస్టు ఆ ముక్కను కొలిచి, పట్టీ పడమటి వైపు కొద్దికొద్దిగా వాలుతూ పరుపులా పరుచుకుని ఉందన్నాడు. అయితే రిగ్గును కొండకు అవతలి వైపుకు చేర్చి నిలువుగా బోర్లు దింపితే సరి, తగిలి తీరాలి. అయిదు బోర్లు దింపారు. ఒక్కదానిలోనూ తగల్లేదు. ఆరో బోరులో నూట ముప్ఫై ఎనిమిది దగ్గర, పట్టీ ఉండాలని ఆయన లెక్కేసిన చోటనే, రాయి మెత్తబడి రెండున్నర మీటర్ల కడ్డీ పైకి రాలేదు. నలిగి నీళ్ళతో కొట్టుకుపోయింది. అలా జరుగుతుంటుంది. కానీ పెద్దాయన రిపోర్టులో రాసేశాడు, డ్రిల్లరు అజాగ్రత్త వల్ల రాగి పట్టీ నీళ్ళపాలైందని. ఆ మాట అన్ని రిగ్గుల దగ్గరికీ పాకింది. నాన్నకు అప్పుడు ముప్ఫై ఆరేళ్ళు. ఆ తర్వాత ఆయన్ను ఎవరూ పిలవలేదు.

ఎవరో అన్నారన్న బాధ కొన్నాళ్ళకు పోతుంది. నాన్నది అది కాదు. ఆయన నమ్మాడు. తన చేతుల్తోనే తను పోగొట్టానని నమ్మాడు. ఆదివారం మామయ్య భోజనానికి వస్తే, పప్పు వడ్డించుకుంటూ హఠాత్తుగా, "నూట ముప్ఫై ఎనిమిది దగ్గర నీళ్ళు ఎక్కువ వదిలానేమోరా" అంటాడు. లేదా, "బరువు కాస్త తగ్గించి ఉంటే నిలిచేదేమో." ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే. నూట ముప్ఫై ఎనిమిది అన్న అంకె నాకు ఎక్కాలకంటే ముందు వచ్చు.  మామయ్య కంచం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోతాడు. బావ బాధ చూడలేకపోతున్నాడని నేను అనుకునేదాన్ని. నా తెలివి అలా ఏడ్చింది.

పోయిన నెల ఒక సోమవారం పొద్దున్నే మామయ్య నా దుకాణానికి వచ్చాడు. ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి అద్దం దాకా, అద్దం నుంచి ఇస్త్రీ బల్ల దాకా. నా దారం ఉండ ఒకటి చేతిలోకి తీసుకుని విప్పుతున్నాడు.

"కూర్చోకపోతే కూర్చోకపోయావు, ఆ ఉండ మాత్రం అక్కడ పెట్టు మామయ్యా" అన్నాను.

పెట్టాడు. "షెడ్డు ఖాళీ చేస్తున్నారు అమ్మలూ" అన్నాడు. "జియాలజిస్టు అమ్మాయి వచ్చింది. అరవై పెట్టెలు ఏరి ఉంచుతుందట. మిగతావి గురువారం లారీకెత్తి, రోడ్డు పక్క గోతుల్లో పోస్తారట."

అయ్యో అనుకున్నాను. ఇన్నేళ్ళు పిల్లల్లా చూసుకున్నాడు కదా, దిగులు పడ్డాడనుకుని, పోనీలే మామయ్యా, నీకూ విశ్రాంతి కావాలి అంటూ ఏదో అన్నాను. ఆయన వినలేదు. గుడ్డ తానులోంచి మిగిలిన అట్టగొట్టం మూలన ఉంటే తీశాడు. నా సుద్ద తీసుకుని దాని చుట్టూ ఏటవాలుగా ఒక గీత గీశాడు. గొట్టాన్ని నా ఎదుట అడ్డంగా పట్టుకున్నాడు.

"ఈ గీత ఎటు వాలింది?"

"కుడికి."

గొట్టం అడుగు అడుగునే ఉంచి, ఈ కొన ఆ వైపుకు, ఆ కొన ఈ వైపుకు వచ్చేలా తిప్పాడు. "ఇప్పుడు?"

"ఎడమకి."

"అంతే" అన్నాడు. "నేను చేసింది అంతే."

ఆయన చెప్పింది నేను వరసగా చెబుతాను. ఆయన మాత్రం వరసగా చెప్పలేదు, నా దుకాణంలో నాలుగు మూలలా తిరుగుతూ చెప్పాడు. కడ్డీ గొట్టంలో ఉండగానే రెండు గుర్తులు పెట్టాలి. కింది వైపు ఏదో తెలియడానికి పొడవునా ఒక గీత. లోతు ఎటో తెలియడానికి బాణం గుర్తు. ఈ రెండూ పడ్డాకే కడ్డీని ముట్టుకోవాలని నాన్న నియమం. రాగి పడ్డ రోజు వాన. మైనపు పెన్సిలు తడి రాయి మీద సరిగ్గా పడటం లేదు. మామయ్య గీత మాత్రం ఎలాగో గీసి, బాణాలు పెట్టెలో పెట్టాక వేద్దాంలే అనుకున్నాడు. పైగా మెరుస్తున్న ముక్క చూసి అందరూ అరుస్తున్నారు. తీస్తుంటే ఆ ముక్కే చెయ్యి జారి బురదలో పడింది. తుడిచి, గీత కిందికి వచ్చేలా పెట్టెలో పెట్టి, అప్పుడు బాణం వేశాడు. మామూలుగా విరిగిన కొనలు పక్క ముక్కలతో అతుకుతాయి కాబట్టి తప్పు పెడితే తెలిసిపోతుంది. ఆ ముక్కకు రెండు కొనలూ గొట్టంలో తిరిగి తిరిగి అరిగి గుండ్రంగా ఉన్నాయి. ఎటు పెట్టినా ఒకటే. ఆయన తిరగేసి పెట్టాడు.

నేను గుడ్డలు కత్తిరించే దాన్ని, నాకు వెంటనే అర్థమైంది. మఖమలు నూగు ఒకే వైపుకు వాలి ఉంటుంది, అందుకే దానికి తలా తోకా ఉంటాయి. ఒక చేతి గుడ్డ తలకిందులుగా కత్తిరించామనుకోండి, బల్ల మీద ఏమీ తెలియదు, కుట్టి తొడిగాక ఒక చెయ్యి ముదురుగానూ ఒకటి లేతగానూ కనిపిస్తుంది. నేనూ ఒకసారి ఒకావిడకు అలా చేశాను. ఆవిడ కోటు మళ్ళీ కుట్టిచ్చాను. కానీ కొండను మళ్ళీ ఎవరు కుట్టిస్తారు?

"అంటే ఆ పట్టీ పరుపులా పరుచుకుని లేదా?"

"లేదమ్మలూ. గోడలా నిలబడి ఉంది. నాలుగో బోరు కిందనే, కాస్త తూర్పుకి వాలి, నిటారుగా దిగిపోయింది. పడమట ఎన్ని బోర్లు వేసినా తగలదు. ఆరో బోరులో బావ పోగొట్టింది రాగి కాదు. అక్కడ రాగే లేదు."

నా చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేశాను. "నీకెప్పుడు తెలిసింది?"

ఆయన అద్దం వైపు నడిచాడు. నూట నలభై ఒకటో పెట్టెకు చెద పడితే కొత్త పెట్టెలోకి మార్చాడట. ముక్కలు ఒక్కొక్కటీ కడిగి పెడుతుంటే, ఆ రాగి ముక్క చివర రెండు వేళ్ళ మేర మామూలు పొరల రాయి కనిపించిందట. దానికి ముందూ వెనకా ఉన్న ముక్కల్లో పొరలన్నీ ఒక వైపుకు వాలి ఉంటే, దీనిలో మాత్రం ఎదురు వైపుకు వాలాయి. తిప్పి పెడితే అన్నీ కలిసిపోయాయి. అప్పుడు ఆ వాన, ఆ బురద, అన్నీ గుర్తొచ్చాయట.

"అది ఎప్పుడని అడుగుతున్నాను."

"పంతొమ్మిదేళ్ళయింది" అన్నాడు.

నేను ఏమన్నానో అంతా ఇక్కడ చెప్పను. ఎదురుగా ఉన్న చెప్పుల కొట్టాయన లేచి వచ్చి తొంగి చూశాడంటే మీరే అర్థం చేసుకోండి. తప్పు ఎవరైనా చేస్తారు. పంతొమ్మిదేళ్ళు, వారం వారం, ఆ మనిషి ఎదురుగా నిలబడి, ఆ నూట ముప్ఫై ఎనిమిది పాట వింటూ, ఆయన పప్పే తింటూ!

"ఎందుకు చెప్పలేదు?"

"మొదట్లో చెబుదామనే అనుకున్నాను. ఆ ఆదివారం బావకు జ్వరం. తర్వాతి వారం నీకు పరీక్షలు. ఆ తర్వాత... ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటాడు కదా. ఏడాది గడిచాక ఏడాది ఎందుకు ఆగావంటాడు. అయిదేళ్ళయ్యాక అయిదేళ్ళు. బావ నాతో మాట్లాడ్డం మానేస్తే నాకింకెవరున్నారమ్మలూ. మింగలేక కక్కలేక చచ్చాను."

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. కళ్ళు తుడుచుకోవడానికి నా కొలతల టేపు తీసుకున్నాడు. నాకు జాలి వేసింది, జాలి వేసినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

"గురువారం లోపల నువ్వు చెప్పాలి" అన్నాను. "పెట్టె ఉండగా చెప్పాలి. రాయి చేతిలో పెట్టి చూపిస్తే నాన్న నమ్ముతాడు. గోతిలో పోశాక నువ్వు నోటితో ఎన్ని చెప్పినా, నన్ను ఓదార్చడానికి అంటున్నావంటాడు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

"చెబుతాను. నేనే చెబుతాను."

మంగళవారం వచ్చాడు. నాన్న ముందుగదిలో ఒక మోటారు విప్పి కూర్చున్నాడు. మామయ్య ఆయన చుట్టూ మూడుసార్లు తిరిగి, పెరట్లో కుళాయి కారుతోందని వెళ్ళి దాన్ని బిగించి, బిగించడంలో విరగ్గొట్టి, కొత్తది తెస్తానని పోయి మళ్ళీ రాలేదు. సాయంత్రం దాకా ఇంట్లో నీళ్ళు లేవు. అమ్మ ఆయన్ను తిట్టిన తిట్లకు నేను ఇంకో నాలుగు కలిపాను, వేరే లెక్కలో.

బుధవారం మళ్ళీ వచ్చాడు, కొత్త కుళాయితో. బిగించాక నాన్న ఎదురుగా నిలబడ్డాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"బావా, ఆ నూట ముప్ఫై ఎనిమిది..."

నాన్న తలెత్తాడు. ఆ అంకె మామయ్య నోట రావడం అదే మొదటిసారి. "ఆఁ, ఏమిటి?"

"ఆ రోజు వాన పడిందా?"

"ఆరో బోరుకు వానెక్కడిది? వాన పడింది నాలుగో బోరుకు. రాగి పడ్డ రోజు." నాన్న నవ్వాడు. "నువ్వు తడిసి ముద్దయిపోయి గెంతులేశావు. మర్చిపోయావా?"

మామయ్య ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "లేదు బావా, గుర్తుంది" అన్నాడు, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వీధిలోకి దిగిపోయాడు. వీడికేమైందే అని నాన్న నన్ను అడిగాడు. నా నాలుక చివరదాకా వచ్చింది. గురువారం దాకా గడువిచ్చానని ఆగిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే అదొక సాకు. ముప్ఫై ఒక్క ఏళ్ళ నమ్మకాన్ని ఒక్క మాటతో పడగొట్టాలంటే నాకూ గుండెలు జారాయి. మూడు రోజులు ఆపేసరికే నాకు ఊపిరాడలేదు, ఆయన పంతొమ్మిదేళ్ళు ఎలా ఆగాడో.

గురువారం దుకాణం తీయలేదు. పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాను. అప్పటికే లారీ వచ్చి ఉంది. ఇద్దరు మనుషులు పెట్టెలు మోసుకొచ్చి లారీ దగ్గర దొంతరలు పెడుతున్నారు. కడ్డీలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. అంత జాగ్రత్తగా పేర్చినవి, గోతిలో పోస్తే వరసలు చెదిరిపోయి, ఏ లోతు ముక్క ఏదో ఇక ఎవరికీ తెలియదు. మామయ్య ఆ దొంతరలకూ తలుపుకూ మధ్య తిరుగుతున్నాడు. ఎవరైనా పెట్టెను కాస్త ఒరగనిస్తే చెయ్యి అడ్డం పెడుతున్నాడు, పారబోయడానికే తీసుకెళ్తున్నారని తెలిసి కూడా.

జియాలజిస్టు అమ్మాయికి ముప్ఫై దాటి ఉండవు. టోపీ, మెడలో భూతద్దం, మోకాళ్ళ దాకా దుమ్ము. ఉంచాల్సిన పెట్టెల మీద ఎర్ర రంగు చుక్క పెడుతోంది. నూట నలభై ఒకటి మీద చుక్క ఉంది. రాగి ఉన్నది దానిలోనే కదా. ఆరో బోరు పెట్టెల మీద ఏమీ లేదు. అవి లారీకి.

నేను మామయ్య వైపు చూశాను.  ఆయన ఆ అమ్మాయి ముందుకు వెళ్ళి నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, "మేడమ్, నూట నలభై ఒకటిలో రాగి ముక్క తిరగబడి ఉంది. తిరగేసింది నేనే" అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వలేదు, తిట్టలేదు. చేతిలోని రంగు డబ్బా కింద పెట్టి పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. నీళ్ళు చల్లింది. ముక్క చివరనున్న పొరలు చూసింది, పక్క ముక్కల పొరలు చూసింది, భూతద్దం పెట్టి మళ్ళీ చూసింది. ముక్కను తిప్పి పెట్టింది. కోణం కొలిచే పరికరం తీసి కొలిచింది, పుస్తకంలో ఏదో రాసుకుంది. చాలాసేపు పట్టింది. మామయ్య అంతసేపూ ఆమె వెనక అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. ఒకసారి ఆ అమ్మాయి తల తిప్పకుండానే, "నా వెలుతురుకు అడ్డం వస్తున్నారు సార్" అంది.

చివరికి లేచింది. "మీరన్నది నిజమే. ఇది నిటారుగా ఉన్న పట్టీ. పడమట వేసిన అయిదు బోర్లకూ ఇది తగిలే వీల్లేదు."

"అయితే నావల్ల గని పోయిందన్నమాట" అన్నాడు మామయ్య.

"అలా ఏం కాదు. మూరెడు పట్టీ, ఒక్కచోట తగిలింది. సరైన వైపు వేసి ఉన్నా గని అయ్యేదని చెప్పలేం. ఇలాంటి చోట్లు వందకు తొంభై తొమ్మిది మూతపడేవే. మీరు దాని గురించి బాధపడకండి."

మామయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. ముఖం తేలికపడింది. ఏదో పెద్ద శిక్ష తప్పినట్టు నా వైపు తిరిగి నవ్వబోయాడు. నాకు చిర్రెత్తింది.

"గని సంగతి ఎవరడిగారు మామయ్యా?" అన్నాను. "అది పోతే కంపెనీకి పోయింది. ఇంట్లో కూర్చున్న మనిషి సంగతి చెప్పు."

ఆయన నవ్వు ఆగిపోయింది. చెయ్యి చాచాడు. నా ఫోను ఇచ్చాను.

"బావా, ఆరో బోరు పెట్టెలు లారీ ఎక్కించేస్తున్నారు. ఒకసారి చూడ్డానికి రా." అవతల నాన్న ఏమన్నాడో వినపడలేదు. "లేదు బావా, రా. నువ్వు రావాలి."

నాన్న సైకిలు మీద వచ్చాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ కొండ వైపు ఆయన రావడం అదే మొదలు. సైకిలుకు స్టాండు వేసి, షెడ్డు వైపు చూడకుండా, నేరుగా లారీ పక్కన దొంతర దగ్గరికి వెళ్ళాడు. ఆరో బోరు పెట్టెలు ఏవని ఎవరినీ అడగలేదు. రెండు పెట్టెలు తప్పించి మూడోది కిందికి దించమన్నాడు. అరలో కడ్డీ ఆగిపోయిన చోట ఒక చెక్క ముక్క ఉంది. దాని మీద మామయ్య చేతిరాతతో, నూట ముప్ఫై ఎనిమిది నుంచి నూట నలభైన్నర దాకా రాలేదు అని. నాన్న ఆ చెక్క ముక్కను వేలితో తాకి అలాగే వంగి ఉండిపోయాడు.

జియాలజిస్టు అమ్మాయి దగ్గరికి వచ్చి, తనెవరో చెప్పి, విషయం చెప్పింది. నెమ్మదిగా, వరసగా, మామయ్య పేరెత్తకుండా చెప్పింది. ఒక ముక్క తిరగబడింది, లెక్క తప్పు దారి పట్టింది, పట్టీ పడమటి వైపు లేనే లేదు. నూట నలభై ఒకటో పెట్టె తెప్పించి, ముక్కను ఒకసారి అలా, ఒకసారి ఇలా పెట్టి చూపించింది. నాన్నకు రెండోసారి చూపించే పని పడలేదు. డ్రిల్లరు కదా.

"మరి ఇక్కడ పోయిందేమిటమ్మా?" అని అడిగాడు, చెక్క ముక్క చూపిస్తూ.

ఆమె ఆ ఖాళీకి అటూ ఇటూ ఉన్న రాళ్ళను తడిపి, గోరుతో గీరి చూసింది. బూడిదరంగు మెత్తటి పిండి రాలింది. "నలిగిపోయిన రాయి సార్. మట్టి. పచ్చ మరక కూడా లేదు. దీన్ని ఎవరు డ్రిల్ చేసినా కొట్టుకుపోతుంది."

"మట్టేనా?"

"మట్టే సార్."

"ఇంకోసారి చూడమ్మా."

ఆ అమ్మాయి ఇంకోసారి చూసింది. మట్టే అంది.

నాన్న నిటారుగా నిలబడ్డాడు. ఆయన ముఖం అలా ఉండగా నేను చిన్నప్పుడు ఎప్పుడైనా చూశానేమో, నాకు గుర్తులేదు. కళ్ళు నవ్వుతున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నేరుగా మామయ్య దగ్గరికి వెళ్ళి రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"విన్నావురా? మట్టేనట. ఆ ముక్క తిరగబడింది నీ చేతిలోనేనా? వాన కదా, పోనీలే. నేనైనా తిరగేసేవాణ్ణే." భుజాలు ఊపాడు. "ఇవాళ కనిపెట్టిందా ఆ అమ్మాయి?"

మామయ్య ఔననవచ్చు. ఒక్కసారి తల ఊపితే సరిపోయేది. ఆ అమ్మాయి కూడా ఏమీ అనేది కాదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆయన అబద్ధం చెబితే బాగుండునని నేనే అనుకున్నాను. నాన్నను అలా ఇంకాసేపు చూడాలనిపించింది. మామయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"కాదు బావా" అన్నాడు. "కనిపెట్టింది నేను. పంతొమ్మిదేళ్ళ కిందట."

నాన్న చేతులు ఆయన భుజాల మీదే ఉన్నాయి. పెదాలు మాత్రం కొద్దిగా కదులుతున్నాయి. మోటారు లెక్కలైనా, మీటర్ల లెక్కలైనా అలాగే వేస్తాడు, పైకి వినపడకుండా. లారీ మనిషి వచ్చి, ఈ పెట్టె ఎక్కించమంటారా వద్దా అని అడిగాడు. 

"అప్పుడు నాకు నలభై ఎనిమిదిరా" అన్నాడు నాన్న. "ఇంకా పన్నెండేళ్ళు రిగ్గు నడిపేవాణ్ణి."